గోల్కొండ ఖజానా, మీర్ జుమ్లా పదవి: మాదన్న అసలు ఏ పని చేసేవాడు?

పాతబస్తీ_పాదచారి
శాలిబండ వైపు అక్కన్న మాదన్నల పేరుతో అమ్మవారి గుడి ఉంది, నగరంలో మాదన్నపేట ఉంది, బెజవాడలో ఇంద్రకీలాద్రి పాదాన ఆ అన్నదమ్ముల కన్నా దాదాపు వెయ్యేళ్ళ ముందు తొలిచిన గుహాలయాలను కూడా జనం వాళ్ళ పేరుతోనే పిలుస్తున్నారు. ఇంత పేరు మిగుల్చుకున్న మాదన్న ఏ ఉద్యోగం చేశాడని అడిగితే మాత్రం "రామదాసు మేనమామ" అన్న జవాబు తప్ప మరొకటి దొరకడం లేదు. 1674 ప్రాంతం నుంచి 1686లో హత్యకు గురయ్యేదాకా ఆయన అబుల్ హసన్ తానీషాకు మీర్ జుమ్లా, అంటే రాజ్యపు రాబడి చూసే పెద్ద మంత్రి. ఆ పదవిలో ఉన్నవాడి చేతికి సొమ్ము ఏ దారిన వచ్చేది, లెక్క ఎవరు సరిచూసేవారు, తక్కువ పడితే అది ఎవరి మెడకు చుట్టుకునేది? తెలిసినవారు భక్తి కథను కాసేపు పక్కన పెట్టి పని గురించి చెప్పాలని కోరుతున్నాను.

ఖజానా_విశ్రాంతుడు
జిల్లా ఖజానా కార్యాలయంలో పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి కాబట్టి ఈ ప్రశ్న నాకు ఇష్టమైనది. అయితే నేటి ఖజానాను మనసులో పెట్టుకొని చూస్తే ఆ పదవి అర్థం కాదు. మన పద్ధతిలో ముందు బడ్జెట్, తరువాత పద్దు, ఆ తరువాత బిల్లు. కుతుబ్‌షాహీల దగ్గర అన్నిటికన్నా ముందు తేలవలసింది ఏ సీమను, ఏ రేవును, ఏ గనిని ఈ ఏడాది ఎవరికి, ఎంత మొత్తానికి అప్పగించాలన్నది. దాన్నే ఇజారా అనేవారు. దర్బారులో పేష్వా అందరికన్నా పైవాడు, మజ్ముదారు జమాఖర్చుల లెక్కలకు పెద్ద, దబీరు రాజు తరఫున ఉత్తరాలు, ఫర్మానాలు (రాజాజ్ఞలు) రాయించేవాడు. మీర్ జుమ్లా వీరి మధ్యన ఉండి ఇజారాలు కుదిర్చేవాడు, వాయిదాలు రాబట్టేవాడు, సైన్యానికీ అంతఃపురానికీ సొమ్ము అందేలా చూసేవాడు. పేష్వా బలహీనుడైతే రాజ్యం మొత్తం మీర్ జుమ్లా చేతికే వచ్చేది. మాదన్న కాలంలో జరిగింది అదే. కాబట్టి ఆయన పెట్టెలకు కాపలా కాసిన ఉద్యోగి కాడు. పెట్టె నిండాలంటే ఎవరికి ఏ అధికారం ఇవ్వాలో నిర్ణయించిన మనిషి.

తెల్లకాగితం
అంటే పన్ను వసూలు చేసుకొనే హక్కునే వేలం వేశారన్నమాట. పాట పాడినవాడు రైతు దగ్గర ఎంత గుంజుకున్నాడో రాజుకు పట్టదా?

హొన్ను_వరహా
ఆ విషయాన్ని కళ్ళతో చూసి రాసినవాడు ఒకడున్నాడు. విలియం మెథ్‌వోల్డ్ అనే ఇంగ్లీషు వర్తకుడు 1618 నుంచి 1622 వరకు మచిలీపట్నంలో ఉన్నాడు. సీమల అధికారాలు ఏటేటా ఎక్కువ పాడినవాడికి పోయేవని, పాడినవాడు తన కింద మళ్ళీ చిన్న చిన్న ముక్కలుగా ఇతరులకు అప్పగించేవాడని, చివరికి ఆ బరువంతా సేద్యం చేసేవాడి మీద పడేదని ఆయన వివరించాడు. గడువుకు సొమ్ము కట్టలేకపోయిన ఒక మచిలీపట్నం అధికారిని బెత్తాలతో కొట్టగా అతడు చనిపోయిన సంగతి కూడా ఆయన నమోదు చేశాడు. గమనించండి, అది దొంగతనానికి వేసిన శిక్ష కాదు, బాకీ రాబట్టడానికి పెట్టిన హింస.

గనుల సంగతీ అంతే. కృష్ణ ఒడ్డున ఉన్న కొల్లూరు వజ్రాల గనిని కంసాలి కులస్థుడొకడు ఏడాదికి 3 లక్షల వరహాలకు ఇజారా తీసుకున్నాడని, పది క్యారెట్లు దాటిన రాయి ఏది దొరికినా రాజుకే చెందాలన్న షరతు ఉండేదని మెథ్‌వోల్డే చెప్పాడు. చిన్న రాళ్ళ లాభనష్టాలు ఇజారాదారువి, పెద్ద రాయి వస్తే అదృష్టం రాజుది. (వరహా అన్నా, హొన్ను అన్నా ఒకే బంగారు నాణెం. రెండింటినీ పేరులో పెట్టుకొని నేను లాభపడిందేమీ లేదు.)

నేలకొండపల్లి_వాసి
మా ఊరివాడైన కంచర్ల గోపన్నను కూడా ఈ బాకీదారుల పట్టికలో చేర్చబోతున్నారని అనుమానంగా ఉంది. ఆయన పాల్వంచ పరగణాకు తహసీల్దారు. భద్రాచలం ఆ పరగణాలోదే. వసూలైన సొమ్ములో ఆరు లక్షలు ఆలయానికి, స్వామి నగలకు ఖర్చు పెట్టాడని స్థలచరిత్ర చెబుతుంది. ఒక్క దమ్మిడీ సొంతానికి వాడుకున్నాడని శత్రువులు కూడా అనలేదు. పైగా ఏ నగకు ఎంత పట్టిందో కీర్తనలోనే దేవుడికి లెక్క అప్పజెప్పిన అధికారి మరొకడు ఎక్కడైనా ఉన్నాడా? ఆయనను వేలం పాడిన ఇజారాదారుతో సమానంగా చూడడం నాకు సమ్మతం కాదు.

ఖజానా_విశ్రాంతుడు
నేలకొండపల్లి_వాసి గారూ, మీరు చెప్పిన దాంట్లోనే నా వాదన ఉంది. ఉద్దేశం ఎంత మంచిదైనా ఖజానాకు దానితో పని లేదు. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఒక అధికారి బడి గదుల మరమ్మతుకు వచ్చిన సొమ్మును, ఎండాకాలంలో జనం అల్లాడుతున్నారని, మంచినీటి బావికి ఖర్చు పెట్టాడు. బావిలో నీళ్ళు పడ్డాయి, ఊరు దండం పెట్టింది, ఆడిట్ అభ్యంతరం మాత్రం ఆయన పింఛను దాకా వెంటాడింది. "ఏ పద్దు కింద వచ్చింది, ఏ పద్దు కింద ఖర్చయింది" అన్న ప్రశ్నకు పుణ్యం జవాబు కాదు.

గోపన్న ఖైదును కూడా ఆ దృష్టితోనే చూడమంటున్నాను. నేరానికి ఇన్నేళ్ళని శిక్ష వేస్తే గడువు తీరగానే విడుదల చేయాలి. ఇక్కడ అలాంటి గడువు ఏదీ లేదు. సొమ్ము కట్టేదాకా లోపల ఉండాలి. కథలో కూడా రామోజీ, లక్ష్మోజీ అనే ఇద్దరు యువకులు రాత్రివేళ తానీషా దగ్గరకు వచ్చి ఏం చేశారు? గోపన్న నిర్దోషి అని వాదించలేదు, క్షమించమని అడగలేదు. మొత్తం బాకీ చెల్లించి రసీదు పుచ్చుకున్నారు. రసీదు చూపగానే విడుదల జరిగింది. ఈ కథను అల్లినవారికి గోల్కొండ వసూళ్ళ పద్ధతి బాగా తెలుసునని నా నమ్మకం.

తెల్లకాగితం
రాముడికి కూడా రసీదు లేకుండా పని జరగలేదన్నమాట. ఏ కార్యాలయానికి వెళ్ళినా ఇక నుంచి నేను బాధపడను.

కరణంగారి_మనవడు
పాతబస్తీ_పాదచారి గారు అడిగిన "లెక్క ఎవరు సరిచూసేవారు" అన్న ప్రశ్నను అందరూ దాటేశారు. ఊళ్ళో కరణం, అతని పైన పరగణా లెక్కలు చూసే దేశపాండ్య, అతని పక్కన పరగణా వసూళ్ళ పెద్ద దేశ్‌ముఖ్. వీళ్ళ లెక్కలన్నీ తెలుగులో ఉండేవి. గోల్కొండలో దర్బారు భాష ఫారసీ. కుతుబ్‌షాహీల ఫర్మానాలు కొన్ని ఫారసీ, తెలుగు రెండింటిలోనూ ఉండడానికి కారణం ఇదే. పైన ముద్ర వేసే ఇరానీ అమీరుకు (దర్బారు ప్రభువుకు) కరణం కవిలె, అంటే లెక్కల పుస్తకం, చదవడం రాదు, కింద కరణానికి ఫర్మానా చదవడం రాదు. రెండూ వచ్చినవాడు ఎవడో వాడి చేతిలోనే అసలు అంకె ఉంటుంది. నియోగి బ్రాహ్మణులు తరతరాలుగా ఆ చోటు పట్టుకొని కూర్చున్నారు.

మాదన్న పైకి వచ్చిన దారి కూడా అదే. 1672లో అబ్దుల్లా కుతుబ్‌షా చనిపోయినప్పుడు అల్లుళ్ళలో ఒకడైన అబుల్ హసన్‌ను సింహాసనం మీద కూర్చోబెట్టిన అమీరు సయ్యద్ ముజఫ్ఫర్. ఆయన కొలువులో లెక్కలు చూసిన మాదన్న, రెండేళ్ళు తిరిగేసరికి రాజుతో చేతులు కలిపి ఆ అమీరునే తప్పించి ఆ పదవిలోకి వచ్చాడు. సేనాపతిని సేనాపతి కూలదోయడం చరిత్రలో మామూలే. ఇక్కడ అమీరును కూలదోసినవాడు అతని గుమాస్తా. అతని బలం కత్తి కాదు, ఏ పరగణాలో ఎంత పుడుతుందో నోటికి చెప్పగలగడం.

తెల్లకాగితం
మీ తాతగారు ఈ మాట వింటే పొంగిపోయేవారు.

కరణంగారి_మనవడు
1984లో కరణీకాలు రద్దయ్యాక ఆయన దేనికీ పొంగిపోలేదు.

పాతబస్తీ_పాదచారి
ఇప్పుడు విషయం దారిలో పడింది. నాకు రెండు సందేహాలు మిగిలాయి. అధికారాలన్నీ తన బంధువులకే కట్టబెట్టాడని మాదన్న మీద ఉన్న ఆరోపణ ఎంతవరకు నిజం? అది నిజమే అయితే సొంత మేనల్లుడిని స్థలచరిత్ర చెప్పినట్లు పన్నెండేళ్ళు జైలులో ఎందుకు వదిలేశాడు? పన్నెండేళ్ళంటే దాదాపు ఆయన పదవీకాలమంతా.

కృష్ణాతీరం
ఆరోపణ నిజమే. అన్న అక్కన్నతో మొదలుపెట్టి మేనల్లుళ్ళు, దగ్గరివాళ్ళు ముఖ్యమైన చోట్ల కూర్చున్నారు. దక్షిణాన చెన్నపట్నం దగ్గరి పూనమల్లి వైపు పెత్తనం చేసిన పొదిలి లింగప్ప మాదన్న మనిషి. 1672లో గోల్కొండ తరఫున అక్కడి పాలకుడు నేక్‌నాం ఖాన్ ఇచ్చిన కౌలు (ఒప్పంద పత్రం) ప్రకారం చెన్నపట్నం ఇంగ్లీషువారు ఏడాదికి 1,200 వరహాలు కట్టి ఊరు తమదే అన్నట్లు ఉండేవారు. ఆ మొత్తం పెంచాలని, ఊళ్ళో తమ అధికారిని పెట్టుకోవాలని లింగప్ప పట్టుబట్టి, సరకుల రాకపోకలు ఆపించి వాళ్ళను ముప్పుతిప్పలు పెట్టాడు. ఇంగ్లీషువారి రాతల్లో అతడు దుర్మార్గుడు. గోల్కొండ ఖజానా వైపు నుంచి చూస్తే, వ్యాపారం ఏటేటా పెరుగుతున్న రేవు నుంచి పాత మొత్తమే తీసుకొని ఊరుకోవడం నష్టం కాదా? 1632 నాటి బంగారు ఫర్మానాతో ఏడాదికి 500 వరహాలు కట్టి మిగతా సుంకం లేకుండా వ్యాపారం చేసుకొనే హక్కు వాళ్ళకు అంతకుముందే దక్కింది. ఇలాంటి ఒప్పందాలను తిరగదోడాలంటే మీర్ జుమ్లాకు నమ్మిన మనిషి అక్కడ ఉండాలి.

బంధుప్రీతిని సమర్థించడం నా ఉద్దేశం కాదు. దాన్ని మాదన్న కనిపెట్టినట్లు మాట్లాడడమే నాకు నచ్చదు. ఆయనకు ముందు అదే పదవిలో ఉన్న మహమ్మద్ సయీద్‌ను చూడండి. ఇరాన్‌లోని అర్దిస్తాన్ నుంచి వజ్రాల వ్యాపారంలో వచ్చాడు, మచిలీపట్నం హవల్దారు (రేవు పాలనాధికారి) అయ్యాడు, మీర్ జుమ్లా అయ్యాడు. గోల్కొండ సేనలతో కర్ణాటకంలోకి (అప్పట్లో కృష్ణకు దక్షిణాన ఉన్న సీమ పేరు అది) దిగి 1650లో పెమ్మసాని వారి నుంచి గండికోట పట్టాడు. సొంత ఓడలు, సొంత ఫిరంగులు, సొంత సైన్యం సమకూర్చుకున్నాడు. చివరికి రాజు సొమ్ము ఏదో, మీర్ జుమ్లా సొమ్ము ఏదో ఎవరూ చెప్పలేని స్థితి వచ్చింది. 1655 చివర ఆయన కొడుకు మహమ్మద్ అమీన్‌ను అబ్దుల్లా ఖైదు చేసేసరికి ఆయన మొఘలుల పక్షం చేరాడు. 1656 జనవరిలో ఔరంగజేబు సేనలు హైదరాబాదును దోచుకున్నాయి. అదే ఏడాది షాజహాన్ ఆయనను తన వజీరుగా పెట్టుకున్నాడు. బంధువులను కొలువులో పెట్టిన మాదన్నకూ, రాజ్యాన్నే శత్రువుకు చూపించిన ఆయనకూ మధ్య ఎవరు ఎక్కువ చెరుపు చేశారో మీరే తేల్చండి.

హొన్ను_వరహా
మహమ్మద్ సయీద్ పని తీరుకు ప్రత్యక్ష సాక్షి కూడా ఉన్నాడు. ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే 1652లో గండికోటలో ఆయనను కలిశాడు. ఆయన వట్టి కాళ్ళతో కూర్చొని, కాలివేళ్ళ సందుల్లో కొన్ని కాగితాలు, ఎడమచేతి వేళ్ళ సందుల్లో మరికొన్ని ఇరికించుకొని, ఒక్కొక్కటే లాగి జవాబు చెప్పి రాయించేవాడట. యుద్ధ శిబిరమైనా సరే, దస్త్రం కదలవలసిందే.

తెల్లకాగితం
మా కార్యాలయంలో దస్త్రాలు కాళ్ళ కింద ఉంటాయి కానీ ఎవరూ లాగరు.

పారిస్_పంతులు
సరిగ్గా ఆ కాలంలోనే ఫ్రాన్సులో జరిగింది చెప్పకుండా ఉండలేకపోతున్నాను. పద్నాలుగవ లూయీ దగ్గర ఆర్థిక వ్యవహారాల పర్యవేక్షకుడిగా నికొలా ఫూకే 1653లో చేరాడు. రాజు పేరు చెబితే అప్పు పుట్టని రోజుల్లో తన సొంత పరపతి మీద అప్పు తెచ్చి యుద్ధాలు నడిపించాడు. దాంతో ఇక్కడా అదే చిక్కు, రెండు సంచులు కలిసిపోయాయి. 1661 ఆగస్టులో తన వో-ల్-వికోంత్ భవనంలో రాజుకు కళ్ళు చెదిరే విందు ఇచ్చాడు, సెప్టెంబరు 5న నాంత్‌లో అరెస్టయ్యాడు. మూడేళ్ళ విచారణ తరువాత న్యాయమూర్తుల్లో 13 మంది దేశబహిష్కారం అన్నారు, 9 మంది మరణశిక్ష అన్నారు. రాజు బహిష్కారాన్ని యావజ్జీవ ఖైదుగా మార్చాడు. క్షమాభిక్ష పెట్టవలసిన రాజే శిక్షను పెంచాడు. ఆ పదవినే రద్దు చేసి, ఆర్థిక వ్యవహారాలు చూడడానికి కోల్‌బేర్ అనే మంత్రిని ముందుకు తెచ్చాడు.

కృష్ణాతీరం
పోలిక బాగానే ఉంది కానీ ఒక తేడా విడిచిపెట్టారు. ఫూకే బలం అప్పు తేగలగడం. మహమ్మద్ సయీద్ బలం వ్యాపారం, సైన్యం. మాదన్నకు ఓడలూ లేవు, ఫిరంగులూ లేవు. రాజు నమ్మకం పోతే మరుసటి రోజే ఆయన ఎవరూ కాడు. అందుకే తానీషా ఆయనను నమ్మాడు, ఆ కారణంగానే అమీర్లు ఆయనను సహించలేకపోయారు.

హొన్ను_వరహా
మీర్ జుమ్లాకు రాబడి ఒక తలనొప్పి అయితే, కప్పం మరొకటి. 1636లో షాజహాన్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం గోల్కొండ ఏటా 2 లక్షల హొన్నులు కట్టాలి. మొఘలులు లెక్క వేసేది వెండి రూపాయల్లో. అప్పుడు హొన్నుకు 4 రూపాయల ధర ఉంటే, 1650ల నాటికి అది 5 దాకా చేరింది. గోల్కొండ పాత ధర లెక్కన వెండి కట్టుకుంటూ పోయింది, దక్కనులో ఉన్న ఔరంగజేబు తేడా మొత్తాన్ని బకాయిగా రాసి పంపాడు. 1656 దండయాత్రకు చూపిన సాకుల్లో ఈ మారకపు తేడా ఒకటి. రాజ్యం మీదికి సైన్యం రావడానికి ఒక నాణెం ధర సరిపోయింది.

ఆ పక్కన 1677లో శివాజీ హైదరాబాదు వచ్చినప్పుడు ఆయన కర్ణాటక దండయాత్రకు రోజుకు 3,000 హొన్నులు ఇచ్చేలా మాదన్న ఒప్పందం కుదిర్చాడు. అంటే ఉత్తరానికి కప్పం, ఆ ఉత్తరాన్ని అడ్డుకోవడానికి మరాఠాలకు సాయం. రెండింటికీ సొమ్ము ఒకే రైతు నుంచి రావాలి.

నేలకొండపల్లి_వాసి
నా ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి నేనే చెబుతాను. పన్నెండేళ్ళు అన్న లెక్కను అక్షరాలా పట్టుకోకండి. పాండవుల అరణ్యవాసం పన్నెండేళ్ళు, పుష్కరం పన్నెండేళ్ళు, మన కథల్లో దీర్ఘకాలానికి అదే కొలత. గోపన్న ఎంతకాలం ఉన్నా ఉన్నాడు, మేనమామ విడిపించలేదన్నది మాత్రం నిజంగా ఆలోచించవలసిన సంగతి. పాల్వంచ పరగణా బాకీ మాదన్న పద్దులోనే లోటుగా కనబడుతుంది. మేనల్లుడి బాకీని ఆయన కలంపోటుతో కొట్టేస్తే, అదను కోసం చూస్తున్న అమీర్లకు ఆధారం చేతికి ఇచ్చినట్లే. మిగతా ఇజారాదారులందరూ మాకూ మాఫీ కావాలని గుమ్మం ముందు కూర్చుంటారు. ఖజానా_విశ్రాంతుడు గారి బాకీ వాదనను నేను ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోను. ఎందుకంటే ఆ జైలు గోడ మీద దేవుడి బొమ్మలు చెక్కుకున్నవాడిని బాకీదారు అని పిలవడానికి నాకు నోరు రాదు.

ఖజానా_విశ్రాంతుడు
మీరు అనవద్దు, ఖజానా అంటుంది. మేనమామ విషయంలో మీరు చెప్పింది నూటికి నూరు పాళ్ళు సరి. దగ్గరి బంధువు బిల్లును మిగతా వాటి కన్నా నాలుగు రోజులు ఎక్కువ తొక్కిపెట్టిన అధికారులను నేను చూశాను. నీతి కోసం కాదు, భయం కోసం.

పాతబస్తీ_పాదచారి
1685 అక్టోబరులో మొఘలులు హైదరాబాదును మళ్ళీ దోచారు. సంధికి వాళ్ళు పెట్టిన షరతుల్లో అక్కన్న మాదన్నలను తొలగించాలన్నది ఒకటి. 1686 మార్చిలో అమీర్లు, అబ్దుల్లా భార్యల అండతో ఆ ఇద్దరినీ గోల్కొండ వీధిలో చంపించారు. 1687 సెప్టెంబరులో కోట పడిపోయినప్పుడు దొరికిన నగదు దాదాపు 7 కోట్ల రూపాయలని చరిత్రకారులు లెక్కకట్టారు. రాజ్యం వార్షిక రాబడి 2 కోట్ల 87 లక్షలు. రెండేళ్ళకు మించిన రాబడి లోపల మూలుగుతుంటే కోట ఎందుకు నిలవలేదు?

ఖజానా_విశ్రాంతుడు
కోటలోని నిల్వ రాజుది, ఏటేటా తిరిగే సొమ్ము మీర్ జుమ్లాది. మాదన్నను చంపినవారు రెండో దాన్ని తెంచేశారు. ఏ ఇజారాదారు ఎప్పుడు ఎంత కట్టాలో, ఎవరిని బతిమాలాలో, ఎవరిని బెదిరించాలో తెలిసిన మనిషి పోయాక పరగణాల నుంచి రాక తగ్గిపోక తప్పదు. పైగా హైదరాబాదు చుట్టుపక్కల పరగణాలు అప్పటికే సైన్యాల కాళ్ళ కింద నలిగి ఉన్నాయి. నిల్వ ఉన్న సొమ్ముతో సైనికులను కొనవచ్చు, విశ్వాసాన్ని కొనలేరు. ఎనిమిది నెలలు ముట్టడించినా లొంగని కోటకు అబ్దుల్లా ఖాన్ పన్నీ అనే లోపలి సర్దారే తలుపు తీశాడు, అదీ అవతలివాళ్ళ సొమ్ముకు.

కృష్ణాతీరం
రాక తగ్గడానికి మాదన్న హత్య ఒక్కటే కారణమన్నట్లు చెబుతున్నారు. ఆయన ఉన్నప్పుడే, 1685లో హైదరాబాదు దోపిడీతో సగం పని అయిపోయింది. రాజుతో పాటు నగరం మొత్తం ఒక్క రాత్రిలో కోటలోకి పరుగెత్తాక ఇజారాలు పాడేది ఎవరు?

కరణంగారి_మనవడు
ఇద్దరి మాటలకూ చేర్చవలసింది ఒకటుంది. 1687 తరువాత మొఘలులు రాబడి చూసే తమ దివానును పంపారు, సైన్యంతో సీమలను కాచే తమ ఫౌజుదారులను పంపారు. కానీ పరగణాల్లో భూమిని కొత్తగా కొలిపించలేదు. కుతుబ్‌షాహీల కాలపు రాబడి అంకెలనే ఆధారం చేసుకొని శిస్తు ఖాయం చేశారు, దేశ్‌ముఖులను, దేశపాండ్యలను, కరణాలను ఉన్నచోటనే ఉంచారు. మాదన్నను తొలగించాలని పట్టుబట్టినవారే ఆయన కార్యాలయం తయారు చేయించిన అంకెల మీద ఆధారపడి వసూళ్ళు మొదలుపెట్టారు. ఆ అంకెల్లో యుద్ధంలో పాడుబడిన ఊళ్ళు కూడా పూర్తి శిస్తుతోనే ఉన్నాయి. దాంతో వచ్చిన చిక్కులు మరో చర్చకు సరిపడినన్ని ఉన్నాయి.